నాకు అలవాటైన పల్చటి సోల్ రన్నింగ్ షూ తయారీ ఆపేశారు, ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న చదివి ఊరుకోలేక రాస్తున్నా. చిత్తూరులో రోజూ పొద్దున్నే పరుగెత్తుతారు, మడమ ఎత్తు లేని పల్చటి సోల్ షూకి కాళ్లు అలవాటు పడిపోయాయి, ఉన్న జత అరిగిపోయింది, కొత్తది కొందామంటే కంపెనీ ఆ మోడలే ఎత్తేసింది, షాపులో అడిగితే మూడు వేళ్ల మందం సోల్ ఉన్నది చేతిలో పెట్టి "ఇదే లేటెస్ట్ సార్" అంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు.

నాది తిరుపతి. సరిగ్గా ఇదే నాకూ జరిగింది. మీ కోపం న్యాయమైనదే. "ఒక షూ పోతే ఇంకో షూ, దానికింత టెన్షనా" అని ఇంట్లో వాళ్లు అంటారు, ఆఫీసులో వాళ్లూ అంటారు, వాళ్లకు తెలియక అంటారు. మామూలు రన్నింగ్ షూలో మడమ వైపు ముందు భాగం కంటే 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తు ఉంటుంది. దాన్నే డ్రాప్ అంటారు. మనం వేసుకునే రకంలో అది సున్నా, లేదంటే మహా అయితే 4. వినడానికి చిన్న తేడానే, కానీ ఆ తేడాకి పిక్కలు, మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువు, పాదంలోని చిన్న చిన్న కండరాలు అలవాటు పడటానికి నెలలు పడుతుంది. అంత ఓపిక పట్టి సంపాదించుకున్న అడుగు మనది. ఎక్కడో ఒక మీటింగులో ఎవరో "ఈ మోడల్ అమ్మకాలు తక్కువ" అనేసరికి అది గాల్లో కలిసిపోతే కడుపు మండదా మరి.

నేను కంపెనీకి మెయిల్ పెట్టాను. మీ అభిమానానికి ధన్యవాదాలు అని మొదలుపెట్టి, ఆ షూకి కొత్త వెర్షన్ వచ్చింది చూడండి అని లింకు పంపారు. పేరు అదే, పక్కన నంబరు మారింది, షూ మాత్రం పూర్తిగా వేరే. వేళ్ల దగ్గర సన్నం చేశారు, మడమ కింద ఫోమ్ పెంచారు. తీసేశామని చెప్తే వేరేది వెతుక్కుంటాం, అదే పేరు పెట్టి వేరే వస్తువు అమ్మితే డబ్బు కట్టి, డబ్బా ఇంటికొచ్చి, కాలు లోపల పెట్టేదాకా ఎలా తెలుస్తుంది? మోడల్ ఆపేయడం కంటే ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఎందుకు ఆపేస్తున్నారో తెలిస్తే వెతకడం కాస్త సులువవుతుంది, అందుకే చెప్తున్నా. మన పల్చటి షూల వెనక ఉన్న ఆలోచన ఒట్టి కాళ్లతో పరుగెత్తినట్టు ఉండాలనే, అదేం కొత్త సంగతి కాదు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా చెప్పులు కూడా లేకుండా మారథాన్ గెలిచాడు, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో. కానీ వ్యాపారంగా ఇది ఊపందుకున్నది 2009 తర్వాతే. 2010లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేనియల్ లీబర్మన్ బృందం నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా పరుగెత్తేవాళ్లు ఎక్కువగా మడమ మీద కాకుండా పాదం ముందు భాగం మీద దిగుతారని, అలా దిగితే నేల తాకిన క్షణంలో వచ్చే దెబ్బ తక్కువని అందులో చూపించారు. ఇక ప్రతి కంపెనీ ఒక పల్చటి షూ తెచ్చింది. జనం కూడా ఒక్కసారిగా మారిపోయారు, పాత షూ సోమవారం వదిలేసి మంగళవారం నుంచి కొత్తదాంతో అదే దూరం పరుగెత్తారు. 2013లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు, పది వారాల్లో ఇలాంటి షూకి మారిన రన్నర్ల పాదాలకు ఎమ్మారై తీస్తే, చాలామందికి ఎముక లోపల వాపు కనిపించింది. 2014లో వైబ్రమ్ కంపెనీ, వేళ్లకు విడివిడిగా గదులుండే దాని ఫైవ్‌ఫింగర్స్ షూ ఆరోగ్యానికి మంచిదని సరైన ఆధారం లేకుండా ప్రచారం చేసిందన్న కేసులో, తప్పు ఒప్పుకోకుండానే 37.5 లక్షల డాలర్లకు రాజీ పడింది. ఆ తర్వాత గాలి పూర్తిగా ఎదురు దిక్కుకి తిరిగింది. హోకా లాంటి కంపెనీల మందపాటి సోళ్లు, 2017లో నైకీ తెచ్చిన, సోల్ లోపల కార్బన్ ప్లేటు ఉండే షూలు వచ్చి, చివరికి రోడ్డు పోటీల్లో సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని 2020లో ఈ ఆటల ప్రపంచ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ హద్దు గీయాల్సి వచ్చింది.

ఇంకో కారణం ఫ్యాక్టరీలో ఉంటుంది. సోల్ పోతపోయడానికి ఒక్కో సైజుకి ఒక్కో అచ్చు కావాలి, ఆ అచ్చులు ఖరీదైనవి, ఎక్కువ జతలు అమ్ముడుపోతేనే గిట్టుబాటు. మనలాంటి వాళ్లు ఊరికి నలుగురో ఐదుగురో ఉంటాం. అడిడాస్‌కి బూట్లు తయారుచేసే అపాచీ ఫ్యాక్టరీ మన తిరుపతి జిల్లాలోనే తడ దగ్గర మాంబట్టులో ఉంది, బూట్లు మన ఊళ్ల ఆడవాళ్ల చేతుల మీదుగానే బయటికి పోతున్నాయి, అయినా మనకు కావలసిన రకం మనకు దొరకదు.

ఇప్పుడు అసలు విషయం. షూ పేరు పట్టుకుని వెతకడం మానేయండి, మీ కాలికి ఆ షూలో నచ్చింది ఏమిటో కొలిచి పెట్టుకోండి. పేరు కంపెనీ చేతిలో ఉంటుంది, ఎప్పుడైనా మార్చేస్తారు. కొలత మీ దగ్గరుంటుంది.

పాత జత పారేయకండి. నాది బల్ల మీద పెట్టి తిప్పి చూస్తే, బొటనవేలి మొదలు కింద రబ్బరు మొత్తం పోయి లోపలి గుడ్డ బయటపడింది, మడమ చివర గీతలు మాత్రం దాదాపు కొత్తవాటిలాగే ఉన్నాయి. పైన చిటికెన వేలు తగిలే చోట మెష్ పక్కకి సాగి దారాలు లేచాయి. ఇవి రెండూ చూశాక నాకేం కావాలో అర్థమైంది: ముందు భాగంలో గట్టి రబ్బరు ఉండాలి, వేళ్ల దగ్గర ఆ పాత షూ కంటే కూడా ఇంకొంచెం వెడల్పు ఉండాలి. నాకు ప్రాణమనుకున్న షూ కూడా వేళ్ల దగ్గర నన్ను ఇరుకునే పెట్టింది! మీది కూడా అలా తిప్పి చూడండి.

సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, తెల్లకాగితం మీద నిలబడి పెన్సిలు నిటారుగా పట్టి చుట్టూ గీయించుకోండి. పొడవు, వేళ్ల దగ్గర వెడల్పు మిల్లీమీటర్లలో రాసుకోండి. రెండు పాదాలూ కొలవండి, చాలామందికి ఒకటి పెద్దదుంటుంది. పాత షూలో ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద నిలబడితే వేళ్లు అంచు దాటుతున్నాయో లేదో తెలిసిపోతుంది, కొత్తది కొనేటప్పుడు షాపులో కూడా ఇదే చేయండి, షాపు అబ్బాయి వింతగా చూస్తే చూడనివ్వండి. ఒక్క షూని అంగట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి బరువు రాసుకోండి. కెనడాలోని లావాల్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో అంతర్జాతీయ నిపుణుల అభిప్రాయాలు తీసుకుని, ఒక షూ ఎంత మినిమలిస్టో, అంటే ఒట్టి కాళ్లకు ఎంత దగ్గరగా ఉందో, లెక్కకట్టే పద్ధతి తయారుచేశారు. వాళ్లు చూసేది ఐదే: బరువు, సోల్ మందం, డ్రాప్, ఎంత బాగా వంగుతుంది, పాదాన్ని అటూఇటూ కదలకుండా పట్టే హంగులు ఎన్ని. ఈ ఐదూ మీ పాత షూకి రాసుకుంటే, మీరు ఎప్పుడూ పేరు వినని కంపెనీ షూ కూడా ధైర్యంగా కొనొచ్చు.

పాత స్టాకు దొరికితే కొనండి, కానీ అటక నిండా పేర్చుకోకండి. అమెరికాలో ఉన్న మా బావగారి సూట్‌కేసులో నాకు ఒక జత వచ్చింది, చెన్నైలో డిస్కౌంటు షాపుల్లో కూడా మిగిలిపోయిన సైజులు కనిపిస్తుంటాయి. అయితే షూ వాడకపోయినా పాతబడుతుంది. జిగురు ఎండిపోతుంది, సోల్‌లో వాడే ఇ.వి.ఎ. అనే మెత్తటి ఫోమ్ గట్టిపడుతుంది, పాలీయురెథేన్ సోల్ అయితే గాల్లో తేమకి లోపల్లోపల విరిగి ఒకరోజు పొడి పొడిగా రాలిపోతుంది. అక్టోబరు, నవంబరులో మన దగ్గర పట్టే ముసురు దానికి చాలు. మన రకం షూలో ఫోమ్ తక్కువ, రబ్బరు ఎక్కువ కాబట్టి కొంత మేలు, అయినా ఒకటో రెండో దాచుకోండి, అంతే. డబ్బు కట్టేముందు తయారీ తేదీ అడగండి. మరీ చవగ్గా, అన్ని సైజులూ ఉన్నాయంటే మాత్రం నకిలీ అని అనుమానించండి, ఆపేసిన మోడల్‌కి అన్ని సైజులూ ఎక్కడ మిగులుతాయి?

రిపేరు గురించి కూడా ఆలోచించండి. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఒక పెద్దాయనకు నా పాత జత చూపించాను. వేలితో నొక్కి, వంచి, వాసన చూసి, "అతికిస్తే నిలవదు నాయనా, ముందర పల్చని రబ్బరు ముక్క పెట్టి చుట్టూ కుట్టాల" అన్నాడు. కుట్టాడు. పరుగుకి పూర్తిగా పాత సుఖం రాలేదు, కుట్టు దగ్గర కాస్త బిర్రుగా వంగుతుంది, కానీ వారంలో రెండు చిన్న పరుగులకు ఇప్పటికీ అదే వాడుతున్నా. పల్చటి సోల్‌కి ఉన్న ఒక మంచి గుణం ఇది, మందపాటి ఫోమ్ సోల్‌ని ఇలా కుట్టించలేం.

ఇక ఏమీ దొరక్కపోతే? కాన్వాస్ పీటీ షూ పల్చగా, బల్లపరుపుగా ఉంటుంది, కానీ ముందు సన్నం, పాదం వెడల్పున్న వాళ్లకు నేను చెప్పను. నాకు ఇంకా నచ్చింది చెప్పులు. మెక్సికో కొండల్లో తారహుమారా తెగవాళ్లు పాత టైరు ముక్కకి తోలు తాడు కట్టి ఎంతెంతో దూరాలు పరుగెత్తుతారు. మన పల్లెల్లో టైరు చెప్పులు వేసుకుని చేలగట్ల మీద నడిచిన తాతలు మనకు తెలియనివాళ్లు కాదు. టైరు బరువెక్కువ కాబట్టి, 5, 6 మిల్లీమీటర్ల రబ్బరు షీటు తీసుకుని, మీ పాదం గీత ప్రకారం కోయించి, మడమ చుట్టూ పట్టీ వేయించుకుంటే చాలు, దాన్ని ఆపేయడం ఏ కంపెనీ వల్లా కాదు. వేళ్ల మధ్య తాడు మొదట్లో ఒరుసుకుంటుంది, ఇంట్లో నాలుగు రోజులు వేసుకుని తిరిగాకే బయట పరుగెత్తండి.

అలిపిరి మెట్ల గురించి కొందరు సలహా ఇస్తారు, 3550 మెట్లు ఒట్టి కాళ్లతో ఎక్కితే పాదాలు వాటంతటవే గట్టిపడతాయని. భక్తితో నడిచేవాళ్లకు అది వేరే సంగతి, నేనూ నడుస్తాను, పాదాలకు మంచిదే. కానీ దాన్ని ట్రైనింగ్ ట్రాకుగా చూడటం నాకు నచ్చదు, మొక్కు తీర్చుకుంటూ ఒక్కో మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టేవాళ్ల మధ్య స్టాప్‌వాచీ పట్టుకుని పరుగేమిటి. నేను పరుగెత్తేది ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో, లేకపోతే తెల్లవారుజామున జూ పార్కు రోడ్డులో. వేసవిలో పొద్దెక్కితే తారు వేడి పల్చటి సోల్‌లోంచి సూటిగా పాదానికి తగులుతుంది, తిరుమల మాడ వీధుల్లో తెల్లటి చలువ పెయింటు ఊరికే వేయలేదు. ఏప్రిల్, మే నెలల్లో 6 గంటలకల్లా ముగించేయండి.

కొత్త షూ మీ కొలతలకు ఎంత దగ్గరగా ఉన్నా ఒక్కరోజులో మార్చేయకండి. డ్రాప్ తగ్గితే భారం పిక్క మీదికి, అకిలీస్ మీదికి పోతుంది, పెరిగితే మోకాలి మీదికి వస్తుంది. గతిలేక షాపువాడు ఇచ్చిన మందపాటి షూనే తీసుకున్నా ఇదే లెక్క, దాంతో రెండు వారాలు సగం దూరమే వెళ్లండి. పాత జతలో ప్రాణం ఉండగానే కొత్తదాన్ని పరుగు చివర పది నిమిషాలు వేసుకోవడం మొదలుపెట్టండి, వారానికి కాస్త కాస్త పెంచండి. మీ చిత్తూరులో మెసానికల్ గ్రౌండు ఉంది కదా, అక్కడ మట్టి మీద మొదలుపెట్టండి, తారురోడ్డు మీద వద్దు. పిక్కలు పట్టేసి రెండు రోజుల్లో వదిలితే భయం లేదు. పాదం పైభాగంలో ఒకేచోట, వేలితో నొక్కితే ఎముక మీదే నొప్పి అనిపిస్తే మాత్రం ఆ రోజే ఆపేసి ఎముకల డాక్టరుకి చూపించండి.

మీ పాత మోడల్ పేరు, సైజు, ఆ ఐదు కొలతలు కింద రాస్తే దానికి దగ్గరగా ఇప్పుడు దొరికేవి ఏమున్నాయో నేను చూసి చెప్తాను.