అక్కకు రాని యూరిన్ ఇన్ఫెక్షన్ నాకే ఎందుకు?

ప్రశ్న: నా వయసు 29. ఈ ఏడాది నాలుగుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. ప్రతిసారీ మూత్రం కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష)లో ‘ఈ కోలై’ అనే బ్యాక్టీరియానే కనిపిస్తోంది. వయసులో ఉన్నప్పుడు మా అమ్మకూ ఇదే బాధ. ఒకే ఇంట్లో పెరిగిన అక్కకు మాత్రం ఒక్కసారీ రాలేదు. శుభ్రత లేకనే అని అందరూ అంటుంటే తలెత్తుకోలేకపోతున్నాను. ఇది జన్యువుల్లో ఉంటుందా? మా పాపకూ వస్తుందా?

జవాబు: ముందు ఆ శుభ్రత గొడవ వదిలేద్దామమ్మా. యూరాలజీలోకి వచ్చిన కొత్తలో నేనూ మీలాంటివాళ్లకు శుభ్రత గురించి క్లాసు పీకి పంపేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది. ఈ కోలై మీ అక్క పేగుల్లోనూ ఉంటుంది, నా పేగుల్లోనూ ఉంటుంది. ఆడవాళ్లలో మూత్రాశయం నుంచి మూత్రం బయటికి వచ్చే నాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కాబట్టి అది మూత్రాశయంలోకి ఎక్కడం పెద్ద పనేం కాదు. ఎక్కాక ఏం జరుగుతుందన్నది మనిషిని బట్టి మారుతుంది. మీరడిగిన జన్యువులు అక్కడే వస్తాయి.

మూత్రాశయం లోపలి పొరలో టీఎల్ఆర్4 అనే ప్రోటీన్ ఉంటుంది. క్రిమి రాగానే పసిగట్టి కేక పెట్టేది ఇదే. దీన్ని తయారుచేసే జన్యువు చెడిపోయిన ఒక జాతి ఎలుకల వల్లే 1998లో శాస్త్రవేత్త బ్రూస్ బాయిట్లర్ బృందం దాని పనేమిటో కనిపెట్టింది. 2011లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. ఆ ఎలుకల మూత్రాశయంలోకి ఈ కోలై ఎక్కిస్తే క్రిములతో పోరాడే తెల్లకణాలు (చీము కణాలు) సరిగా రావు, క్రిములూ పోవు. మనుషుల్లోనూ దీనికి పోలిక ఉంది. కల్చర్‌లో మిల్లీలీటరుకు లక్షకు పైగా క్రిములున్నా, మంట లేదు జ్వరం లేదు అనేవాళ్లను చూస్తుంటాను. అలాంటి పిల్లల్లో కొందరికి టీఎల్ఆర్4 తక్కువగా ఉన్నట్టు తేలింది. అంటే మిమ్మల్ని ఏడిపించే ఆ మంటలో చాలా భాగం క్రిమిది కాదు, దాన్ని తరమడానికి మీ ఒంటి రక్షణ సైన్యం చేసే యుద్ధానిది.

కేక విని తెల్లకణాలు పరుగెత్తుకు రావాలి కదా. వాటికి దారి చూపేది సీఎక్స్‌సీఆర్1 అనే రిసెప్టర్, అంటే కణం మీద ఉండి సంకేతాలు అందుకునే ప్రోటీన్. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిన పిల్లల్లో కొందరికి ఇది తక్కువ. దీనికి సమానమైనది లేని ఎలుకల్లో తెల్లకణాలు వాకిలి దాకా వచ్చి, మూత్రంలోకి దిగలేక అక్కడే పోగుపడి, కిడ్నీకే మచ్చలు చేశాయి.

నాకు మరీ ముచ్చటేసేది యూరోమాడ్యులిన్. 1950లో ఇగోర్ టామ్, ఫ్రాంక్ హార్స్‌ఫాల్ మూత్రంలో కనుక్కున్న ప్రోటీన్ ఇది. దాని ఒంటినిండా చక్కెర గొలుసులుంటాయి. క్రిమి మూత్రాశయం గోడ అనుకుని వాటిని పట్టుకుంటుంది, మూత్రంతో పాటు కొట్టుకుపోతుంది. కొందరికి పుట్టుకతోనే ఇది ఎక్కువగా తయారవుతుంది. అదృష్టవంతులు అనుకునేరు! అదే జన్యు రూపం బీపీ ముప్పును పెంచుతుంది.

పాప సంగతి. ఇది ఒక్క జన్యువు చేసే పని కాదు కాబట్టి వస్తుందనీ చెప్పలేం, రాదనీ చెప్పలేం. తల్లికి ఉండటం, 15 ఏళ్లలోపే మొదటిసారి రావడం, ఈ రెండూ ముప్పును పెంచుతాయి. జన్యు పరీక్షలకు మాత్రం డబ్బు పోయకండి, దాన్ని చూసి మందు మార్చే పరిస్థితి ఇంకా రాలేదు. పాపకు కారణం తెలియని జ్వరం వస్తే మూత్రం పరీక్ష చేయించండి, చాలు.

మీ విషయానికొస్తే, నీళ్లు తక్కువ తాగేవారైతే రోజూ ఇంకో లీటరున్నర తాగండి. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో 140 మంది ఆడవాళ్లను ఏడాదిపాటు చూశారు. అలా తాగినవాళ్లకు సగటున 1.7 సార్లు, తాగనివాళ్లకు 3.2 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. వీర్యకణాలను చంపే క్రీములు వాడుతుంటే మానేయండి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి వస్తే మాత్రం ఆ రోజే డాక్టర్‌ను కలవాలి.

ఇంకోటి, బాధేమీ లేనప్పుడు ‘తగ్గిందో లేదో’ అని మళ్లీ మళ్లీ కల్చర్ చేయించి, అందులో ఏదో కనబడిందని యాంటీబయాటిక్ మింగకండి. గర్భంతో ఉంటే మాత్రం లెక్క వేరు. అప్పుడు మంట లేకపోయినా మందు ఇస్తాం.