అంటార్కిటికా జట్టులో చోటు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. అంటార్కిటికా వెళ్లే జట్టుకి నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చా?
– ఓ విద్యార్థి, ఆమదాలవలస

కుదరదు. మన దేశం తరఫున ఈ యాత్రలు నడిపేది గోవాలోని వాస్కోడగామాలో ఉన్న జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం (ఎన్‌సీపీఓఆర్). అక్కడ ముందు పని ఎంపికవుతుంది, ఆ తర్వాతే మనిషి. పరిశోధన ప్రతిపాదనలు కోరుతూ ప్రకటన పడినప్పుడు ఏదైనా విశ్వవిద్యాలయంలోనో పరిశోధన సంస్థలోనో పనిచేసే శాస్త్రవేత్త పంపాలి. విద్యార్థి ఆయన జట్టులో మనిషిగా వెళతాడు. అందుకని మీరు ముందు వెతుక్కోవాల్సింది పీహెచ్‌డీకి గైడుని. ఫిజిక్స్ వాళ్లకి నవీ ముంబైలోని భారతీయ భూ అయస్కాంత సంస్థ మంచి దారి. వాతావరణమైతే ఐఎండీ (భారత వాతావరణ శాఖ), రాళ్లూ హిమానీనదాలూ అయితే జీఎస్ఐ (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ).

ప్రతిపాదనలో సైన్సు బాగా రాసి, సామాను సంగతి వదిలేసేవాళ్లే ఎక్కువ. పెట్టె బరువెంత, కరెంటు ఎన్ని వాట్లు, హెలికాప్టర్ కావాలా, చలికాలమంతా ఆ పరికరాన్ని చూసుకునేదెవరు? ఇవి లేని కాగితాన్ని ఎవరు నమ్ముతారు? 2022 నాటి భారత అంటార్కిటిక్ చట్టం కింద కావాల్సిన అనుమతుల సంగతీ ముందే చూసుకోవాలి. ప్యాకింగుకి థర్మోకోల్ పూసలు వాడకండి. అంటార్కిటికా పర్యావరణాన్ని కాపాడే 1991 నాటి మాడ్రిడ్ ఒప్పందం వాటిని నిషేధించింది.

ప్రశ్న: ఐటీఐ డీజిల్ మెకానిక్ చేశాను, లారీ షెడ్డులో పని. మాలాంటి వాళ్లకి అవకాశం ఉందా?
– ఓ మెకానిక్, బొబ్బిలి

ఉంది. నిజం చెప్పాలంటే పై విద్యార్థి కంటే మీ దారే దగ్గర. అంటార్కిటికాలో మన పరిశోధన స్టేషన్లు మైత్రి, భారతి నడిచేది జనరేటర్ల మీద. వాహన మెకానిక్, జనరేటర్ ఆపరేటర్, వెల్డర్, వడ్రంగి, వంట మనిషి, నర్సు వంటి పనులకు ఎన్‌సీపీఓఆర్ కాంట్రాక్టు పద్ధతిలో ప్రకటనలిస్తుంది. వాళ్ల వెబ్‌సైటు చూస్తూ ఉండండి. అనుభవ పత్రంలో ఏ ఇంజన్ల మీద, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేశారో ఉండాలి. "మా దగ్గర బాగా పనిచేశాడు" అని ఓనరు రాసిచ్చే రెండు లైన్లు నిలబడవు.

ఇంటర్వ్యూకి ముందు చలి ఇంజన్ని ఏం చేస్తుందో తెలుసుకోండి. మామూలు డీజిల్లో మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది. రబ్బరు సీళ్లు బిరుసెక్కి ఆయిలు కారుతుంది. బ్యాటరీ దిగిపోతే లోపలి యాసిడ్ నీళ్లలా పలచబడి, ఇంచుమించు మైనస్ 10 డిగ్రీలకే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. అదే బ్యాటరీ ఫుల్ ఛార్జిలో ఉంటే మైనస్ 50కి కూడా గడ్డకట్టదు. ఇంకొకటి: బయట చల్లబడిన మీటరుని గదిలోకి తెచ్చేముందు, బయటే పాలిథిన్ సంచిలో వేసి మూతి బిగించాలి. గది వేడికి వచ్చాకే విప్పాలి. తొందరపడితే గదిలోని తేమంతా సర్క్యూట్ బోర్డు మీద చెమటలా పడుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పరిశోధన మీద ఆశ. ఆడపిల్లల్ని పంపుతారా? మెడికల్‌లో ఎక్కడ ఆపేస్తారు?
– ఓ తల్లి, సోంపేట

పంపుతారమ్మా. 1983–84లోనే శాస్త్రవేత్తలు సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ వెళ్లొచ్చారు. ఇస్రో నుంచి మంగళా మణి 56 ఏళ్ల వయసులో వెళ్లి, 2016 నవంబరు నుంచి ఏడాదికి పైగా భారతిలో ఉన్నారు.

మెడికల్ ఢిల్లీ ఎయిమ్స్‌లో జరుగుతుంది, మంచు మీద శిక్షణ ఉత్తరాఖండ్‌లోని ఔలీలో. చలికాలంలో నెలల తరబడి ఓడ రాదు, విమానం రాదు. ఇక్కడ లెక్కచేయని పిప్పి పన్ను అక్కడ పెద్ద కష్టం. పిత్తాశయంలో రాయి నొప్పి లేకుండా దాక్కుంటుంది కాబట్టి కడుపు స్కానింగు ముందే చేయించండి. మీ ఉద్దానం వైపు వాళ్లు ఇంకో పరీక్ష మరవకూడదు: కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష సీరం క్రియాటినిన్, దాంతోపాటు మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష. కిడ్నీ జబ్బు మొదట్లో ఏ బాధా చూపించదు. ఢిల్లీ వెళ్లాక తెలిసే కంటే శ్రీకాకుళంలో తెలిస్తే వైద్యానికి వ్యవధి ఉంటుంది.

పాస్‌పోర్టు కూడా ఇప్పుడే తీయించండి. ప్రయాణం కేప్‌టౌన్ మీదుగా. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోవాలి. ఆఖరి నెలలో విశాఖ పాస్‌పోర్టు ఆఫీసు చుట్టూ తిరిగినా పని జరగదు.