లాండ్రీలో ఆటో డోసింగ్ యూనిట్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పెద్ద ఉతుకు యంత్రాల్లోకి డిటర్జెంట్, క్షారం, బ్లీచ్, న్యూట్రలైజర్ (బట్టలో మిగిలిన క్షారాన్ని పోగొట్టే ఆమ్ల ద్రవం), సాఫ్ట్‌నర్ (బట్టను మెత్తబరిచే ద్రవం)లను మగ్గుతో పోయకుండా పంపులతో కొలిచి పంపే ఆటో డోసింగ్ యూనిట్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: లాడ్జీల దుప్పట్లు, దిండు గలేబులు, తువ్వాళ్లు ఉతికే లాండ్రీ నడుపుతున్నాను. 25 కిలోల మెషీన్లు రెండు ఉన్నాయి. కెమికల్స్ సరఫరా చేసేవారు అయిదు పంపుల డోసింగ్ యూనిట్‌ను తామే బిగిస్తామంటున్నారు. బిగించేటప్పుడు నేను దగ్గరుండి ఏమేమి చూసుకోవాలి?
– లాండ్రీ యజమాని, తిరుపతి

జవాబు: మొదట స్థలం చూడండి. యూనిట్‌ను మెషీన్‌కు దగ్గరలో ఉన్న గోడకు, కంటి ఎత్తున, ఆవిరి నేరుగా తగలని చోట బిగించాలి. మెషీన్ పైభాగానికే బిగిస్తామంటే ఒప్పుకోకండి. బట్టలు పిండే దశలో వచ్చే అదురుకు స్క్రూలూ వైర్లూ వదులవుతాయి. కెమికల్ క్యాన్లు పంపులకు సరిగ్గా కింద ఉంటే పీల్చే ట్యూబు పొట్టిగా సరిపోతుంది. చిక్కటి డిటర్జెంట్‌ను దూరం నుంచి లాగవలసి వస్తే పంపు తడబడి, మధ్యలో గాలి పట్టి, డోసు తగ్గుతుంది.

ఈ పంపుల్లో రోలర్లు ఒక మెత్తని ట్యూబును నొక్కుకుంటూ తిరుగుతాయి, ఆ నొక్కుడుకే ద్రవం ముందుకు కదులుతుంది. కెమికల్ తాకేది ట్యూబును మాత్రమే కాబట్టి ఏ కెమికల్‌కు ఏ ట్యూబు పనికివస్తుందో సరఫరాదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. డిటర్జెంట్‌కు బాగా పనిచేసిన ట్యూబు బ్లీచ్‌కు కొద్ది వారాల్లోనే పగిలిపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. క్లోరిన్ బ్లీచ్, ఆమ్ల స్వభావం ఉన్న న్యూట్రలైజర్ ఎక్కడ కలిసినా క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ప్రాణాంతకం. కొన్ని యూనిట్లలో కెమికల్స్ అన్నీ ఒకే గొట్టంలోకి వచ్చి, ప్రతి డోసు తరువాత నీటితో తోసివేయబడతాయి. ఆ పద్ధతిలో నీరు రాకపోయినా, నీటిని వదిలే సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునే వాల్వు) పట్టేసినా గొట్టంలో మిగిలిన బ్లీచ్ మీదికి ఆమ్లం వచ్చి చేరుతుంది. అందుచేత ఈ రెండింటికీ మెషీన్ దాకా విడివిడి ట్యూబులు వేయమని పట్టుబట్టండి; ఖర్చు కాస్త పెరిగినా ఇందులో రాజీ పడకూడదన్నది మా గట్టి అభిప్రాయం. క్యాన్లను కూడా వేర్వేరు ట్రేలలో, ఒకటి కారినా రెండోదానిని తాకనంత దూరంలో ఉంచాలి.

తోసే నీటిని మంచినీటి లైను నుంచి తీసుకుంటుంటే నడుమ చిన్న తొట్టి ఉండి, కుళాయి చివర నీటి మట్టానికి పైన గాలిలో ఉండాలి. లైనులో ఒత్తిడి పడిపోయినప్పుడు కెమికల్ వెనక్కి, తాగే నీటిలోకి పీల్చబడకుండా కాపాడేది ఆ ఖాళీయే. ట్యూబుల చివరలు మెషీన్ లోపలి నీటి మట్టానికి ఎప్పుడూ పైనే ఉండాలి. ఇక నీటి సంగతి: తాగునీటికి భారతీయ ప్రమాణం కోరుకునే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీరు లేనప్పుడు అనుమతించే గరిష్ఠ హద్దు 600. మీ బోరు నీరు ఆ పై హద్దుకు దగ్గరలో ఉంటే ముందు నీటి కాఠిన్యాన్ని తగ్గించే వాటర్ సాఫ్ట్‌నర్ ప్లాంటు గురించి ఆలోచించండి. లేకపోతే డిటర్జెంట్‌లో చాలా భాగం నీటిలోని కాల్షియంతోనే ఖర్చయిపోతుంది, ఆ లోటును పూడ్చడానికి డోసు పెంచుకుంటూ పోవలసి వస్తుంది.

ప్రశ్న: హోటల్ లాండ్రీలో ఎలక్ట్రీషియన్‌ను. మెషీన్ నుంచి డోసింగ్ యూనిట్‌కు సిగ్నల్ ఎలా ఇవ్వాలి? ఒక్కోసారి డిటర్జెంట్ రెండుసార్లు వస్తోంది, నురుగు కారిపోతోంది. ప్రోగ్రామింగ్ కూడా వివరంగా చెప్పగలరు.
– మెయింటెనెన్స్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మెషీన్ వెనుక ఉండే, కెమికల్ పంపమని సిగ్నల్ ఇచ్చే సప్లై టెర్మినళ్ల మీద వచ్చే వోల్టేజ్ కొన్ని మెషీన్లలో 24 వోల్టులు, కొన్నింటిలో 230 వోల్టులు, మరికొన్ని వోల్టేజ్ లేని కాంటాక్టును మాత్రమే ఇస్తాయి. ఊహతో కలపకుండా, మెషీన్‌ను ఒక పూర్తి ప్రోగ్రాంలో నడిపి, ఏ దశలో ఏ టెర్మినల్ ఎంతసేపు లైవ్ అవుతోందో మల్టీమీటర్‌తో చూసి కాగితం మీద రాసుకోండి. డోసింగ్ యూనిట్‌లోని సిగ్నల్ ఇన్‌పుట్‌ను ఆ వోల్టేజ్‌కు సెట్ చేసిన తరువాతే వైరు కలపాలి. యూనిట్‌కు కరెంటును మెషీన్ లోపలి నుంచి కాకుండా విడిగా ఎం.సి.బి. (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్), ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్‌తో ఇవ్వండి. పని మొదలుపెట్టే ముందు మెషీన్‌కూ యూనిట్‌కూ కరెంటు ఆపి, టెస్టర్‌తో నిర్ధారించుకోండి. సిగ్నల్ వైరు మెషీన్ నుంచి వస్తుంది కాబట్టి యూనిట్ స్విచ్ ఆపినంత మాత్రాన అది నిర్జీవం కాదు.

డోసు రెండుసార్లు రావడానికి మామూలు కారణం సిగ్నల్ ఒక్కసారిగా నిలకడగా రాకపోవడమే. నీరు నిండుతుండగా మట్టం కాస్త తగ్గగానే మెషీన్ మళ్లీ నింపుతుంది, దానితో సప్లై సిగ్నల్ కూడా మళ్లీ వస్తుంది. డోసింగ్ యూనిట్‌లోని కంట్రోలర్ దానిని కొత్త ఆజ్ఞగా తీసుకుంటుంది. దీనికి రెండు సెట్టింగులున్నాయి. సిగ్నల్ కనీసం కొన్ని సెకన్లు ఆగకుండా ఉంటేనే నిజమైన సిగ్నల్‌గా లెక్కించాలన్నది ఒకటి. ఒకసారి డోసు ఇచ్చాక నిర్ణీత నిమిషాల పాటు అదే సిగ్నల్‌ను పట్టించుకోకూడదన్నది రెండోది. ఈ వ్యవధి ఆ ఉతుకు దశకంటే కాస్త ఎక్కువగా, తరువాతి డోసు సమయానికంటే తక్కువగా ఉండాలి.

ఇక ప్రోగ్రామింగ్. సిగ్నల్‌కు ఒక పంపు చొప్పున తిరిగే సులువైన పద్ధతి ఒకటి. ఏ రకం బట్టలకు ఏ ఫార్ములా అన్నది కంట్రోలర్ గుర్తుపెట్టుకుని ఒక్కో దశకు వేర్వేరు డోసు ఇచ్చే పద్ధతి మరొకటి. మీ హోటల్లో తెల్ల దుప్పట్లు, తువ్వాళ్లు, రంగు బట్టలు, భోజనాల గది బట్టలు అన్నీ ఉంటాయి కనుక రెండోదే నయం.

అంకెలు వేసే ముందు ప్రతి పంపును కొలవాలి. ట్యూబు నిండా కెమికల్ పట్టించి, మెషీన్ వైపు చివరను కొలజాడీలో పెట్టి 60 సెకన్లు తిప్పండి. నీటితో కొలిస్తే చిక్కటి డిటర్జెంట్‌కు ఆ లెక్క సరిపోదు కాబట్టి ఏ పంపుకు ఆ కెమికల్‌తోనే కొలవాలి. ఉదాహరణకు 450 మి.లీ. వచ్చిందనుకుందాం, అంటే సెకనుకు 7.5 మి.లీ. కిలో పొడి బట్టకు 6 మి.లీ. డిటర్జెంట్ కావాలంటే 25 కిలోలకు 150 మి.లీ., అంటే 20 సెకన్లు. మెషీన్‌లో 18 కిలోలే వేసి అదే బటన్ నొక్కితే కిలోకు 8.3 మి.లీ. పడినట్లు. యంత్రానికి బట్టల బరువు తెలియదు, మీ మనుషులు తూకం వేయకపోతే దాని లెక్క అంతా తప్పుతుంది. మెషీన్ పక్కన తూకం యంత్రం లేని చోట డోసింగ్ యూనిట్ బిగించడం సగం పనే అని నా అభిప్రాయం.

బ్లీచ్ లెక్క వేరు. అక్కడ బట్ట బరువుతో పాటు నీటి పరిమాణం ముఖ్యం. డ్రమ్ములో 120 లీటర్ల నీరు ఉండి, 100 పీపీఎం (లీటరు నీటికి 100 మిల్లీగ్రాములు) క్లోరిన్ కావాలంటే 12 గ్రాముల క్లోరిన్ అవసరం. లీటరుకు 100 గ్రాముల క్లోరిన్ ఉండే హైపోక్లోరైట్ (క్లోరిన్ బ్లీచ్) ద్రావణమైతే అది 120 మి.లీ. బ్లీచ్ సిగ్నల్ నీరు నింపడం మొదలవగానే వస్తుంటే, డ్రమ్ము నిండే దాకా పంపు ఆగేలా డిలే పెట్టండి. లేకపోతే గాఢమైన బ్లీచ్ నేరుగా బట్టమీద పడి, ఆ చోట నూలు కుళ్లిపోయి కొద్ది ఉతుకులకే చిల్లులు పడతాయి. క్లోరిన్ దశలో నీటి వేడి 60–65 డిగ్రీలు దాటకూడదు. సాఫ్ట్‌నర్‌ను చివరి జాడింపులో మాత్రమే ఇవ్వాలి. డిటర్జెంట్‌తో కలిస్తే రెండూ విరిగి జిగటగా బట్టకు అంటుకుంటాయి.

భోజనాల గది బట్టల ఫార్ములాలో ఒక చిత్రం కనిపిస్తుంది. సాంబారులోని పసుపు క్షారం తగలగానే ఎర్రటి గోధుమ రంగులోకి మారుతుంది. మరక పెరిగిందనుకుని పనివాళ్లు కంగారుపడి చేతితో అదనంగా బ్లీచ్ పోస్తారు. అవసరం లేదు, ఆ ఎరుపు క్షారం తగ్గగానే తిరిగి పసుపవుతుంది, ఫార్ములాలోని బ్లీచ్ దశ దాని పని తాను చేస్తుంది.

ప్రశ్న: మా ఆసుపత్రి లాండ్రీలో ఆటో డోసింగ్ మొదలుపెట్టినప్పటి నుంచి దుప్పట్ల మీద, ఆపరేషన్ బట్టల మీద గోధుమ రంగు మరకలు తేలుతున్నాయి. మళ్లీ ఉతికినా పోవడం లేదు. యూనిట్ తప్పా?
– లాండ్రీ ఇన్‌చార్జి, విజయవాడ

జవాబు: యూనిట్ కంటే ఫార్ములాను అనుమానించాలి. ఆపరేషన్‌కు ముందు రోగి చర్మానికి పూసే క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందు నూలుకు గట్టిగా పట్టుకుంటుంది, మామూలు జాడింపులో పోదు. దాని మీద క్లోరిన్ బ్లీచ్ పడితే గోధుమ రంగు సమ్మేళనం ఏర్పడి, వేడికి బట్టలో స్థిరపడిపోతుంది. ఇంతకుముందు చేతితో బ్లీచ్ పోసేటప్పుడు కొన్ని లోడ్లకే అది పడి ఉండవచ్చు, ఇప్పుడు ప్రతి లోడుకూ పడుతోంది కాబట్టి మరకలు కళ్లకు కనబడుతున్నాయి. బోరు నీటిలోని ఇనుమే కారణమైతే పసుపు ఛాయ బట్టంతా సమానంగా పరుచుకుంటుంది. రోగి ఒంటికి తగిలిన చోటే మచ్చలుగా ఉంటే అది క్లోర్‌హెక్సిడినే.

మార్గం ఒకటే: ఆసుపత్రి బట్టల ఫార్ములాల నుంచి క్లోరిన్ పంపును పూర్తిగా తీసేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ బ్లీచ్‌కు మారండి. ఇది క్షార నీటిలో, 70 డిగ్రీలు దాటాక బాగా పనిచేస్తుంది. పాత ట్యూబులో హైపోక్లోరైట్ మిగిలి ఉండగా పెరాక్సైడ్ పెట్టకూడదు. ట్యూబును నీటితో బాగా కడిగించాక కాదు, కొత్త ట్యూబు వేయించాకే క్యాన్ మార్చండి. రక్తం మరకలున్న బట్టలకు మొదటి జాడింపు చల్లటి నీటిలోనే జరగాలి. వేడి నీరు తగిలితే రక్తంలోని ప్రోటీన్ గడ్డకట్టి నూలుకు పట్టేస్తుంది. బట్టల క్రిమిశుద్ధికి బ్రిటన్ ఆసుపత్రుల మార్గదర్శకాలు 65 డిగ్రీల వద్ద 10 నిమిషాలు లేదా 71 డిగ్రీల వద్ద 3 నిమిషాలు, అందుకు అదనంగా వేడి బట్టలంతటా పరుచుకునే సమయం చెబుతాయి. మీ మెషీన్ తెరమీద చూపే వేడిని నమ్మకుండా, డ్రమ్ము నుంచి తీసిన నీటిని థర్మామీటర్‌తో ఒకసారి పరీక్షించండి. ఇప్పటికే స్థిరపడిన మరకలు మళ్లీ తెల్లబడటం కష్టం, వాటిని వేరుచేసి లోపలి వాడకానికి ఉంచుకోవడం మేలు.

ప్రశ్న: మొదట్లో బాగున్న తెలుపు వేసవి వచ్చేసరికి తగ్గింది. సెట్టింగులేవీ మార్చలేదు.
– లాండ్రీ నిర్వాహకురాలు, వరంగల్

జవాబు: సెట్టింగు మారకపోయినా రెండు సంగతులు మారి ఉంటాయి. రోలర్ల కింద నలిగి నలిగి ట్యూబు చపటగా మిగిలిపోతే, అదే 20 సెకన్లలో తక్కువ కెమికల్ వస్తుంది. అదీగాక ఎండలకు హైపోక్లోరైట్ త్వరగా బలం కోల్పోతుంది. లీటరుకు 100 గ్రాములు ఉండవలసిన క్లోరిన్ 60కి దిగితే, పైన చెప్పిన 120 మి.లీ. డోసు 100 పీపీఎం బదులు 60 పీపీఎమ్మే ఇస్తుంది. కాబట్టి బ్లీచ్ క్యాన్‌ను నీడలో ఉంచి, కొద్దికొద్దిగా కొని, తయారీ తేదీ చూసి వాడండి. నెలకొకసారి 60 సెకన్ల కొలత తీసుకుని పుస్తకంలో రాయండి. తేడా పదోవంతు దాటితే సమయం పెంచి సరిపెట్టుకోకుండా ట్యూబునే మార్చండి, అలసిన ట్యూబు మరుసటి వారం ఇంకా తగ్గుతుంది.

చివరి జాడింపు సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి ఒక చవకైన పరీక్ష ఉంది. మెషీన్ పిండి ఇచ్చిన తడి దుప్పటి మూల మీద ఫినాఫ్తలీన్ ఒక చుక్క వేయండి. గులాబీ రంగు తేలితే బట్టలో ఇంకా క్షారం ఉందన్నమాట. అలాంటి దుప్పటి ఇస్త్రీ రోలరు కిందికి వెళ్లగానే పసుపెక్కుతుంది, దాని మీద పడుకున్నవారికి దురద పుడుతుంది. అప్పుడు న్యూట్రలైజర్ పంపును కొలిచి చూడండి. బట్టలోని నీటి పీహెచ్ 6 నుంచి 7 మధ్య ఉంటే చాలు. పరీక్ష చేసిన మూలను మళ్లీ నీటిలో జాడించండి.

ప్రశ్న: దుబాయ్‌లో లాండ్రీలో పనిచేస్తున్నాను. నిన్న క్యాన్లు మార్చినప్పుడు ఘాటైన వాసన వచ్చి అందరం దగ్గాము. సూపర్‌వైజర్ మామూలే అన్నారు.
– ఒక పాఠకుడు, దుబాయ్

జవాబు: అది మామూలు కాదు తమ్ముడూ. క్యాన్లు మార్చేటప్పుడు బ్లీచ్‌లో ముంచే పైపును న్యూట్రలైజర్ క్యాన్‌లో, లేదా న్యూట్రలైజర్ పైపును బ్లీచ్ క్యాన్‌లో పెట్టి ఉంటారు. పైపుకు అంటిన కొద్దిపాటి ద్రవం చాలు క్లోరిన్ పుట్టడానికి. ఎవరికైనా ఛాతీలో బిగువు, ఆగని దగ్గు ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి, లక్షణాలు కొన్ని గంటల తరువాత ముదిరే అవకాశం ఉంది.

మళ్లీ అలాంటి వాసన వస్తే క్యాన్లను సరిచేయడానికి ఆగకండి. మనుషులంతా బయటికి వెళ్లాలి, చేతికందే దూరంలో ఉంటేనే యూనిట్ మెయిన్ స్విచ్ ఆపాలి, గది పూర్తిగా గాలి ఆడేదాకా లోపలికి రాకూడదు. క్లోరిన్ గాలికంటే బరువైనది, నేలకు దగ్గరగా పేరుకుంటుంది కాబట్టి వంగి వెతకడం ప్రమాదం. రోజువారీ పనిలో అయితే పైపుల మీదా, క్యాన్ల మీదా, పంపుల మీదా ఒకే రంగు టేపు వేసుకోండి: బ్లీచ్‌కు ఒక రంగు, ఆమ్లానికి మరొకటి. మీతో పాటు నేపాలీ, బెంగాలీ, తమిళ సోదరులు పనిచేస్తుంటే అక్షరాలకంటే రంగు వాళ్లకు త్వరగా తెలుస్తుంది. ఆ రెండు క్యాన్లనూ ఒకే సమయంలో మార్చవద్దు. ఒకటి మార్చి, మూత బిగించి, చేతి తొడుగులు కడుక్కున్నాకే రెండోది తెరవండి.