టేపు ఎక్కడ పెట్టి కొలవాలి? ఆఫీసు భవనంపై పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా ఆఫీసు గుమ్మానికి మూడు మెట్లు, మొత్తం 45 సెం.మీ. ఎత్తు. పైన అరుగు ఉంది. అరుగు అంచు నుంచి ప్రహరీ దాకా నాలుగున్నర మీటర్ల జాగాయే. చక్రాల కుర్చీకి ర్యాంపు పడుతుందా?

జవాబు: తిన్నగా పడదు, మడిస్తే పడుతుంది. ఎత్తుకు 12 రెట్లు పొడవు కావాలి: 45 × 12, అంటే 5.4 మీటర్లు. జాగా లేదని 4 మీటర్లకు కుదిస్తే వాలు దాదాపు 1:9కి వస్తుంది. చేతులతో చక్రాలు తిప్పుకుంటూ వచ్చేవారికి అది కొండెక్కడమే. సగంలో చేతులు సోలిపోతే కుర్చీ వెనక్కి జారుతుంది. అందుకని అరుగు నుంచి 2.7 మీటర్లు దింపి, 1.5 మీటర్ల చదును వదిలి, అక్కడ తిప్పి మరో 2.7 మీటర్లు వెనక్కి తెండి. ఒక్కో వరస వెడల్పు 1.2 మీటర్లు. కింద మొదలయ్యేచోట, పైన తలుపు ముందు కూడా 1.5 మీటర్ల చదును ఉండాలి. తలుపు బయటికి తెరుచుకునేదైతే రెక్క తిరిగే చోటు దీనికి అదనం.

పని చెడేది ఎక్కువగా టైల్స్ దగ్గర. మేస్త్రీ ఉత్త కాంక్రీటు నుంచి కొలిచి ర్యాంపు పోసేస్తాడు. తర్వాత లోపల బెడ్డూ టైలూ కలిసి 5 సెం.మీ. లేస్తాయి, గుమ్మం దగ్గర అది మెట్టై కూర్చుంటుంది. మీకూ టైల్స్ పని మిగిలి ఉంటే ఎత్తు 50, పొడవు 6 మీటర్లు అని లెక్క వేయండి. అప్పుడు వరసకు 3 మీటర్లు, చదును 1.5, మీ జాగాలో అంగుళం కూడా మిగలదు.

కింది అంచు నేల కంటే 2 సెం.మీ. లేచి ఉన్నా ముందు చిన్న చక్రాలు తన్నుకుని మనిషి ముందుకు తూలిపడతారు. నునుపు గ్రానైటు వేయకండి, తడిస్తే జారుతుంది. రెండు పక్కలా 70, 90 సెం.మీ. ఎత్తుల్లో కమ్మీలు పెట్టించి, చివర్లలో 30 సెం.మీ. ముందుకు సాగనివ్వండి. వాలు అయిపోయిందని చూపు లేనివారి చేతికి తెలిసేది అక్కడే.

ప్రశ్న: 90 సెం.మీ. తలుపు పెట్టించినా చక్రాల కుర్చీ ఇరుక్కుంటోంది. ఎందుకు?

జవాబు: ఆ 90 మీ దర్వాజా బయటి కొలత అయి ఉంటుంది. చట్రానికి రెండు పక్కలా 6 చొప్పున 12, తెరిచిన రెక్క మందం 4 పోతే మిగిలేది 74. హ్యాండిలు మరికొంత తింటుంది. తలుపు తెరిచిపెట్టి రెక్క నుంచి ఎదుటి చట్రం దాకా టేపు పెట్టండి, 90 అక్కడ రావాలి. ఆ లెక్కన గోడలో ఖాళీ 106 ఉండాలి. తలుపును లాగే వైపు గొళ్లెం పక్కన 60 సెం.మీ. చోటు కూడా వదలండి. కుర్చీ పక్కకు జరిగితే తప్ప తలుపు లాక్కోలేరు. అక్కడ బీరువా పెట్టారంటే ఎంత వెడల్పు తలుపైనా దండగే.

ప్రశ్న: లిఫ్టు ఉంది కదా, పై అంతస్తులోనూ అందరికీ సీట్లు ఇవ్వొచ్చా?

జవాబు: తప్పకుండా ఇవ్వండి. కానీ మంటలప్పుడు మామూలు లిఫ్టు వాడకూడదు. మెట్ల గదిలో, మంటను ఆపే తలుపు లోపల, దిగేవారికి అడ్డం రాకుండా 90 × 140 సెం.మీ. చోటు గీత గీసి వదలండి, చక్రాల కుర్చీలో ఉన్నవారు సాయం వచ్చేదాకా ఆగేది అక్కడే. అట్టపెట్టెలు చేరేది ముందుగా అక్కడికే, చేరనివ్వకండి. సాయం పిలిచే ఫోను కూర్చున్నవారి చేతికి అందాలి. మెట్ల మీదుగా దించే కుర్చీ, దాన్ని వాడటం నేర్చినవాళ్లు ప్రతి షిఫ్టులో ఉండాలి.

వినపడనివారికి సైరనుతో పాటు మెరిసే లైటు కావాలి. హాల్లో ఒకటి పెట్టి ఊరుకోవద్దు, ఒంటరిగా ఉండే టాయిలెట్‌లో దాని అవసరం ఇంకా ఎక్కువ. లాగితే సాయానికి గంట మోగే అక్కడి ఎమర్జెన్సీ తాడును, తుడిచేటప్పుడు అడ్డొస్తోందని పైకి ముడేస్తుంటారు. కింద పడ్డ మనిషికి ఇక అది అందదు. తాడు కొస నేలకు 10 సెం.మీ. ఎత్తులో వేలాడుతోందో లేదో వారంవారం చూసే పని ఒకరికి అప్పగించండి.