కుళాయి పక్కన బొక్కెనాకు

చిరంజీవి సుజాతకు ఆశీస్సులు.

కుళాయి పక్కన ఎప్పుడూ తడిగా ఉండే జాగాలో ఏ గడ్డి వేసినా కుళ్లిపోతోందని, విసుగొచ్చి సిమెంటు చేయించేస్తానని అన్నావు. ఆ పని మాత్రం చేయకమ్మా. అక్కడ బొక్కెనాకు పెట్టు. జలపిప్పలి అన్నా అదే. చెరువు కట్టల మీద, వరి గట్ల మీద నేలకి అంటుకుని పాకుతుంది. నువ్వూ ఎన్నోసార్లు తొక్కుకుంటూ పోయే ఉంటావు.

విత్తనాల కోసం వెతక్కు. మూడు నాలుగు కణుపులున్న తీగ ముక్కలు తుంచుకుంటే చాలు. కణుపు దగ్గర తెల్లటి వేళ్లు అప్పటికే వచ్చి ఉన్నవి ఏరుకో. మురుగు కాలవ పక్కవి, కలుపుమందు కొట్టిన గట్టువి తేకు. రెండు కణుపులు మట్టిలోకి పోయేలా జానెడు దూరంలో పాతి, వేరు పట్టేదాకా నేల ఆరనీయకు. ఎండ తగలాలి, నీడలో తీగ సాగుతుంది గానీ పూత తగ్గిపోతుంది. ఎరువు అక్కర్లేదు.

పూత వచ్చాక పీట వేసుకుని దగ్గరగా చూడు. సన్నని కాడ చివర చిటికెన వేలి గోరంత ముదురు రంగు గుండు, దాని చుట్టూ ఉంగరం తొడిగినట్టు తెల్లటి చిట్టి పూలు, వాటి గొంతులో పసుపు. కింది పూలు వాడుతుంటే పైవి విచ్చుకుంటాయి, అంటే ఆ ఉంగరం రోజూ కాస్త పైకి జరుగుతుంది. గుండు సాగి సాగి చివరికి పిప్పలి కాయలా తయారవుతుంది. చిన్న తేనెటీగలూ, గోరంత నీలి సీతాకోకచిలుకలూ వీటి చుట్టూ తిరుగుతూనే ఉంటాయి.

ఇక ఆకుల సంగతి. మొదటి ఏడాది ముళ్లముళ్లగా ఉన్న గొంగళి పురుగులు కనబడితే నాకు టెన్షన్ వచ్చి వేపనూనె కొట్టేశాను. అవి పీకాక్ పాన్సీ పిల్లలని తర్వాత తెలిసింది. రెక్కల మీద నెమలి కన్నులున్న ఆ నారింజ సీతాకోకచిలుక పిల్లలకి బొక్కెనాకూ ఒక మేత. నేను చేసిన వెధవపనికి ఆ ఏడాది ఒక్కటీ కనబడలేదు. ఆకులకి చిల్లులు పడితే పడనీ, మళ్లీ చిగురిస్తాయి.

ఇది ఒకచోట ఆగే రకం కాదు. చుట్టూ ఇటుకలు వరుసగా పాతి, దాటొచ్చిన తీగని నెలకోసారి కత్తిరించు. మొత్తం ఒకేసారి కోయకు. ఈసారి సగం, పూత మళ్లీ అందుకున్నాక మిగతా సగం. కోసే ముందు కర్రతో తీగ కదిలించు, కింద కప్పలుంటాయి. ఓ మూల రెండు అరచేతులంత బురద కప్పకుండా వదిలెయ్. సీతాకోకచిలుకలు అందులోని లవణాల కోసం వచ్చి వాలతాయి.

ఎండల్లో తడి తగ్గితే ఆకు ముడుచుకుపోతుంది. చచ్చిందని పీకెయ్యకు, వానలకి కణుపుల నుంచే లేస్తుంది. అన్నట్టు, బట్టలు ఉతికిన నీళ్లు అటు పోనీయకు. కప్పల చర్మానికి సబ్బు పడదు.

నాటే ముందు ఆ జాగా ఫోటో ఒకటి పంపు.

మీ పెదనాన్న