స్టాంపు పేపరు మీద రాసుకున్న విడాకులు చెల్లుతాయా?

ప్రశ్న: 2019లో నా పెళ్లయింది. రెండున్నరేళ్లుగా పుట్టింట్లోనే ఉంటున్నాను. పెద్దమనుషులు మమ్మల్ని కూర్చోబెట్టి, వంద రూపాయల స్టాంపు పేపరు మీద 'ఇకపై మాకు సంబంధం లేదు' అని రాయించి నోటరీ చేయించారు. మావాళ్లు ఇప్పుడు వేరే సంబంధం చూస్తున్నారు. ఆ కాగితం సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సరిపోదమ్మా. ఆ సంతకాలు మీ ఇద్దరివేనని నోటరీ ముద్ర చెబుతుంది, అంతే. పెళ్లిని రద్దు చేసేది కోర్టు డిక్రీ. కులాచారం ప్రకారం తీసుకున్న విడాకులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాదనదు గానీ, అలాంటి ఆచారం ఉందని సాక్ష్యాలతో నిరూపించుకోవాలి. అది తేలిక కాదు. ఈ కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం. అయితే దాన్ని పారేయకండి. ఎప్పటినుంచి విడిగా ఉంటున్నారో చెప్పడానికి పనికొస్తుంది.

ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి అదే చట్టంలోని 13-బి సెక్షన్ (పరస్పర సమ్మతితో విడాకులు) కింద ఉమ్మడిగా పిటిషన్ వేయండి. పెళ్లి జరిగిన ఊరు, చివరిగా కలిసి కాపురం చేసిన ఊరు, మీరిప్పుడు ఉంటున్న ఊరు, వీటిలో ఏ కోర్టు పరిధిలోనైనా వేయొచ్చు. పెళ్లి ఫొటోలు, శుభలేఖ, ఇద్దరి ఆధార్, రిజిస్టర్ చేయించి ఉంటే మ్యారేజ్ సర్టిఫికెట్ జత చేయాలి.

పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, 18 నెలలు దాటకుండా ఇద్దరూ మళ్లీ కోర్టుకు వచ్చి తమ మాట మీదే ఉన్నామని చెప్పాలి. ఆ ఆరు నెలలను జడ్జి మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అందుకు పిటిషన్ నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉండాలి. మొదటిసారి హాజరైన వారానికే మాఫీ కోరవచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం జడ్జి ఇష్టం.

ఎక్కువగా బెడిసికొట్టేది డబ్బు దగ్గరే. 'తర్వాత సర్దుకుంటాం' అని రాసుకోకండి. ఎంత, ఎన్ని విడతల్లో, ఏ తేదీకి, బంగారం ఎవరికి అన్నవన్నీ పిటిషన్‌లోనే ఉండాలి. ఆఖరి విడత డీడీ డిక్రీ రోజున చేతులు మారేలా చూసుకోండి. డిక్రీ ఇచ్చేలోపు ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు, అప్పుడు 13-బి పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది. మిగిలేది క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో నిరూపించే పోరు కేసు, అది ఏళ్ల తరబడి సాగుతుంది. సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చేదాకా ముహూర్తం పెట్టించకండి.

ప్రశ్న: మా అబ్బాయికి డాలస్ కోర్టులో విడాకులొచ్చాయి. హైదరాబాద్‌లో ఉన్న కోడలు ఆ కేసుకు హాజరు కాలేదు. ఇక్కడ చెల్లుతుందా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: చెల్లదు. తిరుపతిలో పెళ్లయిన జంట విషయంలో, భర్త మిస్సోరిలో తెచ్చుకున్న డిక్రీ చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది. మన చట్టం ఒప్పుకునే కారణం ఉండాలి, రెండోవాళ్లు మనస్ఫూర్తిగా ఆ కోర్టుకు లోబడాలి. కోడలు ఒప్పుకుంటే ఇక్కడే 13-బి వేయండి. కోర్టు అనుమతిస్తే అబ్బాయి తరఫున మీరు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున వ్యవహరించమని రాసిచ్చే అధికార పత్రం)తో నడపవచ్చు, అతను వీడియోలో వాంగ్మూలం ఇవ్వవచ్చు. జీపీఏను అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేయాలి. ఆ పత్రం ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టకపోతే జరిమానా, వాయిదాలు తప్పవు.