వేలం కంటే ముందే గడువు ముగుస్తుంది: మిషిగన్‌లో పన్ను వేలం మిగులు సొమ్ము గురించి

మీరు విజయవాడకు తిరిగివచ్చాక మిషిగన్‌లోని ఇంటికి ఆస్తి పన్ను బకాయి పడిందని, ఈ మార్చి 31తో ఆ ఇల్లు కౌంటీ (మన జిల్లాలాంటి స్థానిక ప్రభుత్వం) పరమైందని, వేలంలో బకాయి పోగా మిగిలే సొమ్ము ఇప్పిస్తామంటూ ఎవరో ఫోన్ చేసి 30 శాతం అడుగుతున్నారని రాశారు. ఇది నిజమేనా, వేలం అయ్యేదాకా ఆగి అప్పుడు అడిగితే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. సొమ్ము వచ్చే మాట నిజమే. ఆగడం మాత్రం ఎంతమాత్రం కూడదు. మిషిగన్ చట్టం ప్రకారం మీరు హక్కు కోరుతున్నట్టు తెలియజేసే ఫారం జులై 1 లోపల కౌంటీకి చేరాలి. వేలాలు మొదలయ్యేది సాధారణంగా ఆ తరువాతే. అంటే ఎంత మిగులుతుందో, అసలు మిగులుతుందో లేదో తెలియకముందే అడిగి ఉండాలి. ఇది తెలియకనే చాలామంది నష్టపోతున్నారు.

2023లో మిషిగన్‌లోని మా అక్కా బావగార్ల ఇంటి విషయంలో ఈ దారి మొత్తం ఇక్కడే ఉండే నేను దగ్గరుండి నడిచాను. వారు గుంటూరు వెళ్లిపోతూ ఇల్లు అద్దెకిచ్చారు. అప్పు పూర్తిగా తీరిపోయిన ఇల్లు. బ్యాంకు అప్పు ఉంటే సాధారణంగా నెలవారీ వాయిదాలోనే పన్ను కూడా వసూలు చేసి బ్యాంకే కట్టేస్తుంది, కాబట్టి ఇలా పన్ను కింద పోయే ఇళ్లు ఎక్కువగా అప్పు లేనివే అయివుంటాయి. అందుకే మిగులు కూడా పెద్దదిగా ఉంటుంది. 2020 పన్ను కట్టలేదు, అది 2021 మార్చి 1న కౌంటీ ట్రెజరర్ (పన్ను బకాయిలు వసూలు చేసే అధికారి) దగ్గరికి బకాయిగా వెళ్లింది, అక్కడి నుంచి నెలకు 1 శాతం వడ్డీ, 2022 మార్చి దాటాక మొదటి నుంచీ లెక్కగట్టి నెలకు ఒకటిన్నర శాతం. నోటీసులన్నీ పాత చిరునామాకే వెళ్లాయి. అద్దెకున్నవారు ఖాళీ చేశాక, ఏప్రిల్ రెండో వారంలో ఇల్లు చూసివద్దామని వెళితే, ముందు తలుపు అద్దానికి టేపుతో అంటించిన కాగితం కనిపించింది. మంచుకు తడిసి ఆరి ఉబ్బిపోయి, సగం అక్షరాలు చెరిగిపోయి ఉంది. మార్చి 31 అన్న తేదీ మాత్రం చదవడానికి వీలుగా ఉంది. మరునాడు చెక్కు పుస్తకం పట్టుకుని కౌంటీ కార్యాలయానికి వెళ్లాను. ఇక తీసుకోవడం కుదరదన్నారు. ఆ తేదీ దాటాక బకాయి మొత్తం కడతామన్నా ఇల్లు తిరిగి రాదు.

ఒకప్పుడైతే కథ అక్కడితో ముగిసేది. 2020 జులై దాకా మిషిగన్‌లో వేలం సొమ్ము మొత్తం కౌంటీయే ఉంచుకునేది. ఊరీ రఫేలీ అనే పెద్దాయన ఓక్లండ్ కౌంటీలో 8 డాలర్ల 41 సెంట్ల పన్ను తక్కువ కట్టినందుకు వడ్డీ, ఖర్చులతో కలిపి బకాయి 285 డాలర్లకు చేరింది. ఇంటిని 24,500 డాలర్లకు వేలం వేసి మిగతాదంతా కౌంటీ తన దగ్గరే ఉంచుకుంది. ఆ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు మిగులు యజమానిదేనని తీర్పు ఇచ్చింది. ఆ ఏడాదే చట్టం మార్చి ఈ ఫారం పద్ధతి తెచ్చారు. మేము ఫారాలు నింపుతున్న రోజుల్లోనే, 2023 మే 25న, మినియాపొలిస్‌కు చెందిన 94 ఏళ్ల జెరల్డీన్ టైలర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఏకగ్రీవంగా అదే మాట చెప్పింది. కాబట్టి మీరు అడుగుతున్నది దయాధర్మం కాదు, మీ సొంత సొమ్ము. ఈ మాట నొక్కి చెబుతున్నది ఎందుకంటే, పన్ను కట్టని తప్పు మాదే కదా, ఏ మొహంతో అడుగుతాం అని మా బావగారు మొదట్లో సంకోచించారు.

ఇక చేయవలసిన పని. ఫారం నంబరు 5743. రెండు పేజీలకు మించని కాగితం, కానీ నోటరీ ముందు సంతకం చేయాలి, కౌంటీ ట్రెజరర్‌కు రసీదు తిరిగివచ్చే సర్టిఫైడ్ మెయిల్‌లోనైనా పంపాలి లేదా స్వయంగానైనా అందజేయాలి. మామూలు తపాలాలో పంపి, చేరిందిలే అని ఊరుకోకండి. ఇల్లు అక్కా బావగార్లిద్దరి పేరు మీదా ఉన్నందున ఇద్దరి చేతా వేర్వేరు ఫారాలు పెట్టించాము. వారు హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని, ఒక్కో ముద్రకు 50 డాలర్లు చెల్లించి సంతకాలు చేశారు. అమెరికా తపాలా సర్టిఫైడ్ మెయిల్‌ను ఇండియా నుంచి పంపే వీలు లేదు గనుక, ఆ కాగితాలు కొరియర్‌లో నాకు వచ్చాక నేను ఇక్కడి పోస్టాఫీసులో వేశాను. పది రోజులకు ఆకుపచ్చ రసీదు కార్డు మా పెట్టెలోకి తిరిగివచ్చింది. దాని వెనుక కౌంటీ గుమాస్తా సంతకం, జూన్ తేదీ ఉన్నాయి. ఆ కార్డును ఇంటి దస్తావేజులా భద్రపరచండి. గడువులోగా చేరిందనడానికి మీ చేతిలో ఉండే రుజువు అదే. నోటీసు నాకు అందలేదు, నేను విదేశంలో ఉన్నాను అని తరువాత చెప్పుకుంటే నెగ్గుతుందని లెక్క వేసుకోకండి. ఈ గడువు విషయంలో కోర్టులు కఠినంగానే ఉంటున్నాయి.

మా ఇల్లు సెప్టెంబరులో 61,000 డాలర్లకు పోయింది. జనవరిలో కౌంటీ నుంచి లెక్క వచ్చింది. బకాయి, వడ్డీ, ఖర్చులు కలిపి 19,400, అమ్మిన ధరలో 5 శాతం కమిషన్ కింద కౌంటీకి 3,050 పోగా 38,550 మిగిలింది. అయితే ఆ ఉత్తరం వచ్చినంత మాత్రాన చెక్కు రాదు. ఫిబ్రవరి 1 నుంచి మే 15 లోపల సర్క్యూట్ కోర్టులో (ఆ కౌంటీలోని రాష్ట్ర కోర్టు) మోషన్, అంటే సొమ్ము ఇప్పించమని కోరే దరఖాస్తు, వేయాలి. జులై 1 గడువులోగా ఫారం పెట్టి నిశ్చింతగా కూర్చుని ఈ రెండో మెట్టు దగ్గర పోగొట్టుకున్నవారు కూడా ఉన్నారు. మోషన్ మీరే వేసుకోవచ్చు గానీ, ఇంటి మీద ఇంకెవరికైనా హక్కులు ఉంటే అవి వరుస క్రమంలో ముందు తీరాలి కాబట్టి, ఈ ఒక్క పనికి వకీలును పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. మేము శాతం లెక్కన కాకుండా 1,500 డాలర్లకు మాట్లాడుకున్నాము. ఏప్రిల్‌లో జూమ్‌లో విచారణ జరిగింది. ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నర, గుంటూరులో రాత్రి ఏడు. అక్క పూజగది ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. న్యాయమూర్తి పేరు అడిగి, కాగితాలు చూసి, పది నిమిషాలలో ఆదేశం ఇచ్చారు. మూడు వారాలలో చెక్కు వచ్చింది. వారి పాత బ్యాంకు ఖాతా ఇక్కడ తెరిచే ఉండడం వల్ల జమ చేయడం తేలికైంది; మీ ఖాతా ఉంటే మూసివేయకండి.

మీకు ఫోన్ చేసిన వ్యక్తి సంగతి. పన్ను కింద పోయిన ఇళ్ల జాబితాలు బహిరంగ రికార్డులే, అక్కడి నుంచి పేర్లు ఏరుకుని ఫోన్లు చేస్తారు. మాకు చేసినవారు 35 శాతం అడిగారు, అంటే పదమూడు వేల డాలర్లకు పైమాటే. వారు చేసిపెట్టే పనిలో మొదటి భాగం ఆ రెండు పేజీల ఫారమే. హక్కు రాసిచ్చే కాగితం దేనిమీదా సంతకం పెట్టకండి.

టెక్సస్‌లో ఇల్లున్న మీ తమ్ముడికి ఈ తేదీలు వర్తించవని కూడా చెప్పండి. అక్కడ వేలం జరిగిన రోజు నుంచి రెండేళ్ల లోపల, అమ్మకానికి ఆదేశించిన కోర్టులోనే పిటిషన్ వేయాలి. యజమాని తరఫున ఈ పని చేసే వకీలు వచ్చిన సొమ్ములో 25 శాతం లేదా 1,000 డాలర్లు, రెంటిలో ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదు; వకీలు కానివారు రుసుమే తీసుకోకూడదు.

మీకు జులై 1 ఇంకా ఏడు వారాల దూరంలో ఉంది. కాన్సులేట్ అపాయింట్‌మెంట్ దొరకడానికే మా వాళ్లకు పద్దెనిమిది రోజులు పట్టింది, కొరియర్‌కు మరో వారం. కాబట్టి ఈ రోజే అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఇంటి పార్సిల్ నంబరు (ఆ స్థలానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య) పాత పన్ను రసీదు మీద ఉంటుంది, అది చూసి ఫారం నింపి పెట్టుకోండి. ఇక్కడ పోస్టులో వేయడానికి తెలిసినవారు ఎవరూ లేకపోతే నాకు పంపండి, నేను వేస్తాను.